పీరమ్మ కట్టిన ముడి

సున్నం ఎన్ని పూతలు పూసినా గోదాములోంచి వేరుశనగ వాసన పోలేదు. తలుపు తీయగానే ముందు అదే ఎదురొచ్చేది. ఎండిన పొట్టు, గోనెపట్ట, ఏనాటిదో నూనె మడ్డి, అన్నీ కలిసిన వాసన. కొత్త రంగూ, చెక్క పాలిషూ దాని ముందు చుట్టపుచూపుగా వచ్చిన వాళ్ళలా ఒక పక్కకు ఒదిగి నిలబడేవి. పొద్దున్నే వచ్చి తాళం తీసే అబూబకర్‌కు అందులో తప్పేమీ కనిపించలేదు. బీకాం చదివి, ఇదే గోదాములో గుమాస్తాగా చేరి, నూనె మిల్లు మూతబడేదాకా ఇక్కడే వయసు గడిపినవాడు. ఆ వాసన తన చొక్కాలోంచి పోవడానికే ఎన్నేళ్ళు పట్టిందో ఆయనకు తెలుసు. గోడలకు ఇంకాస్త పట్టదా?

కమలాపురం స్టేషను పక్కనే ఉంటుంది గోదాము. గోడలూ, నేలా, ముందరి అరుగూ అన్నీ కడప బండలే. వానల్లేక వేరుశనగ పంట పోయి, మిల్లు పోయి, చాలా ఏళ్ళు గుడ్లగూబల పాలయింది. ఈమధ్యే కువైట్‌కు పోయి వచ్చినవాళ్ళంతా ఒక సంఘం పెట్టుకుని దాన్ని తీసుకున్నారు, వలస పోయిన వాళ్ళ గుర్తులన్నీ ఒకచోట పెట్టి మ్యూజియం చేయాలని. పేరు కూడా వాళ్ళే పెట్టారు, 'రాకపోకల ఇల్లు' అని. ఊళ్ళో ఇన్ని స్థలాలుండగా ఈ పాత గోదాము ఎందుకని ఎవరూ అడగలేదు. ఆ రోజుల్లో స్టేషనులో నీడ ఉండేది కాదు. చుట్టుపక్కల ఊళ్ళ నుంచి కువైట్‌కు పోయే ప్రతివాడూ బొంబాయి బండి కోసం ఈ అరుగుమీదే కూర్చున్నాడు. సద్దిమూటలు విప్పిందీ, ఏడుపులు ఏడ్చిందీ, అప్పగింతలు పెట్టిందీ ఇక్కడే.

పని చూడడానికి కర్నూలు నుంచి సుప్రజ అనే అమ్మాయి వచ్చింది. మ్యూజియంలు ఎట్లా పెట్టాలో చదువుకున్న పిల్ల. అక్కడి కల్లూరులో ఇల్లు, ఇక్కడ అద్దె గది. ఎండకు మొహం కందిపోయినా గొంతు పెంచేది కాదు. తెచ్చిన ప్రతి వస్తువునూ రెండు చేతులతో అందుకునేది. అబూబకర్‌కు ఆ పిల్ల మీద గౌరవం కలిగింది అందుకే.

జనం తెచ్చినవి తక్కువేమీ కాదు. నైలాను తాడు కట్టిన సూట్‌కేసులు, వాటిమీద తెల్ల రంగుతో పేరూ ఊరూ. పులి బొమ్మ దుప్పట్లు. అక్కడి నుంచి మాటలు రికార్డు చేసి పంపిన క్యాసెట్లు. ఒకాయన అయితే ఎడారిలో గొర్రెలు కాసిన కర్ర తెచ్చాడు, అంత దూరం దాన్ని ఎట్లా మోసుకొచ్చాడో. అన్నీ వాటి వాటి చోట్లలో కుదురుకున్నాయి. నడి హాలులో, కప్పులో బిగించిన అద్దంలోంచి వెలుతురు పడేచోట ఉన్న ఒక్క అద్దాల పెట్టె మాత్రం ఖాళీగా ఉండిపోయింది.

అది ఇమాం జామీను కోసం.

ప్రయాణం పోయేవాళ్ళ కుడి జబ్బకు కట్టే ఆకుపచ్చ గుడ్డ అది. నడుమ రూపాయో, అయిదో, పదో ఒక బిళ్ళ పెట్టి ముడి వేస్తారు. పోయేవాడికి ఇమాం జామీను పడ్డాడని, క్షేమంగా ఇల్లు చేర్చే పూచీ ఆయనదని నమ్మకం. తురకల ఇళ్ళలో మొదలైన ఆ పద్ధతి కువైట్ పుణ్యమా అని అందరి ఇళ్ళలోకీ వచ్చింది. రెడ్లకూ కట్టారు, మాల మాదిగలకూ కట్టారు, యేసును నమ్మిన వాళ్ళకూ కట్టారు. పక్కింటి ముసలమ్మ కడతానంటే వద్దనే ధైర్యం బండెక్కబోయే వాడికి ఉండదు.

"దానికోసం ఊరూరా చెప్పించినాం కదా సార్, ఒక్కరూ తేలేదేం?" అంది సుప్రజ ఖాళీ పెట్టెను తుడుస్తూ. ప్రారంభం శుక్రవారమే.

అరుగుమీద కూర్చుని బీడీ వెతుక్కుంటున్న ఖాసిం వలి నవ్వాడు. కువైట్‌లో పెద్ద పెద్ద కార్లు నడిపి, ఇప్పుడు ఊళ్ళో ఆటో తోలుకుంటున్న మనిషి. అబూబకర్‌కు చిన్ననాటి సావాసగాడు. పని ఉన్నా లేకున్నా రోజుకొకసారి వచ్చి పోతాడు.

"యాడ తెస్తారు పాపా? తిరిగొచ్చినాక ఇంటి గడప తొక్కకముందే కట్టినోళ్ళే విప్పుతారు దాన్ని. ఆ దుడ్లతో చక్కెర తెచ్చి పంచుతారు. ఇంగేం మిగుల్తాది? నాకు కట్టినవి మా యమ్మ ఎన్నిసార్లు విప్పిందో లెక్క లేదు. ఒకసారి చక్కెర తక్కువొచ్చిందని మా చిన్నమ్మ సంవత్సరం మాట్లాడలా!"

"అంటే విప్పకుండా ఎవరి దగ్గరా ఉండదా?"

"ఉంటాది. తిరిగి రానోళ్ళ ఇంట్లో..." అని ఖాసిం వలి ఆగిపోయాడు. ఆగి, అబూబకర్ వైపు ఒకసారి చూసి, గబుక్కున లేచాడు. "ఏమప్పా, ఈ ఎండ చూడు, నా ఆటో సీటు దోసెల పెనమైపోయింటాది."

ఆటో పోయిన వైపు చూస్తూ అబూబకర్ తాళంచెవుల గుత్తిని చేతిలో తిప్పుకున్నాడు. సగంలో ఆపినందుకు స్నేహితుడి మీద ప్రేమే కలిగింది.

ఆయన బీరువాలో, మడత పెట్టిన శాలువా కింద, ఒక స్టీలు డబ్బాలో ఉంది అది. భార్య షబీనాది.

మిల్లు మూతబడిన ఏడాది షబీనా తనే అంది, నేను పోతానని. ఆడమనుషులకు అక్కడ ఇళ్ళలో పని తొందరగా దొరికేది. ఆయన వద్దనలేదు, పొమ్మనలేదు. ఈ అరుగుమీదే ఆమె తల్లి పీరమ్మ జబ్బకు గుడ్డ కట్టింది. "మా, రక్తం ఆగిపోతాది, ఇంత బిగిస్తే ఎట్ల?" అని షబీనా అరిస్తే చుట్టూ ఉన్నవాళ్ళు ఏడుపు మధ్యలో నవ్వారు. అప్పటి నుంచి రెండేళ్ళకొకసారి రావడం, పోవడం. వచ్చినప్పుడల్లా పీరమ్మ గడపకు లోపల నిలబడి విప్పేది. పోయినప్పుడల్లా కొత్త గుడ్డ కట్టేది. కువైట్‌లో దిగాక షబీనా దాన్ని జబ్బ నుంచి తీసి, బిళ్ళ ముడి మాత్రం విప్పకుండా దాచుకుని, తిరుగు ప్రయాణానికి మళ్ళీ కట్టుకునేది. ఇక్కడ అబూబకర్ చేతనైన లెక్కలు రాస్తూ, వంట నేర్చుకుని, కూతురు శిరీన్‌కు జడలు వేసి బడికి పంపాడు; ఇప్పుడు ఆ పిల్ల అత్తారింట్లో ఉంది. పెండ్లాం సంపాదన తింటున్నాడని నలుగురూ అన్నారు. అన్నవాళ్ళ ఇళ్ళకే ఆమె తెచ్చిన ఖర్జూరాలు పంచాడు.

కరోనా ఏడాది ఆమె అక్కడే ఆసుపత్రిలో పోయింది. మట్టి కూడా అక్కడే. విమానాలు లేవు, పోయే దారి లేదు. తర్వాత ఎన్నో నెలలకు ఆమె సూట్‌కేసు వచ్చింది. పనిచేసిన ఇంటి ఇల్లాలు మంచి మనిషి. ప్రతి బట్టనూ ఉతికించి, ఇస్త్రీ చేయించి, మడతలు పెట్టి పంపింది. ఆ మర్యాదకు అబూబకర్ కళ్ళు చెమర్చాయి. మొహం పెట్టుకుని చూస్తే ఏ చీరలోనూ షబీనా లేదు. సబ్బు వాసనే. అడుగున స్టీలు డబ్బాలో ఈ ఆకుపచ్చ గుడ్డ ఒక్కటే ఉతకకుండా, ఇస్త్రీ కాకుండా, ముడితో సహా అట్లే ఉంది. దాన్ని పీరమ్మ చూసింది. ఆయనా చూశాడు. డబ్బా బీరువాలోకి పోయింది.

కూతురు పోయాక పీరమ్మ కొడుకు దగ్గరికి పోలేదు, అల్లుడి దగ్గరే ఉండిపోయింది. ఎందుకని ఎవరైనా అడిగితే, "వీడు చారు బాగా పెడతాడు" అనేది.

మరునాడు సుప్రజ ఇంటికొచ్చింది. చేతిలో బజారు నుంచి తెచ్చిన ఆకుపచ్చ గుడ్డ, కొత్త రూపాయి బిళ్ళ. అబూబకర్ టీ పెడుతుంటే నడవాలోంచి మాటలు వినబడుతున్నాయి.

"అవ్వా, మీరు కట్టినంత బాగా ఎవరూ కట్టరంట కదా. ఇది ఒకటి కట్టియ్యండి. అద్దాల పెట్టెలో పెట్టుకుంటాం, చూసేవాళ్ళకి తెలుస్తుంది."

"కడతా. జబ్బ యాడ?"

"జబ్బకు కాదవ్వా, ఉత్తగనే. ముడి వేసి ఇస్తే చాలు."

"ఎవురు పోతాండారు?"

"ఎవరూ పోవడం లేదు. చూపించడానికి."

పీరమ్మ గొంతు లేచింది. "ఓ పాపా! నీకేమన్నా తిక్క పట్టిందా? పోయేవాళ్ళు లేకుండా కడితే, కట్టినాక ఎవురో ఒకరు పోవాల్సొస్తాది! ఈ ఇంట్లో ఉండేది ఎంతమంది? నేనా, వాడా? నేను పోయేదానికి సిద్ధంగానే ఉండా, దానికి గుడ్డ ఎందుకు? గుడ్డ కడితే మళ్ళా తిరిగి రావాల!"

సుప్రజ బిక్కచచ్చిపోయింది. తర్వాత ఆ మాటకు నవ్వాపుకోలేక మొహం పక్కకు తిప్పుకుంది. పీరమ్మ కూడా బోసినోటితో నవ్వి, "టీ తాగి పో" అంది. కొత్త రూపాయి మాత్రం గుడ్డకు దూరంగా, మంచం అవతలి కోడు దగ్గర పెట్టించింది.

వాకిట్లో చెప్పులేసుకుంటూ సుప్రజ అంది, "పోనీలెండి సార్. ఖాళీగానే పెడదాం. ఖాళీ పెట్టె కూడా ఏదో ఒకటి చెప్తుంది."

అడిగి ఉంటే అబూబకర్ లేదనేవాడేమో. ఆ పిల్ల అడగలేదు. హాలంతా ఆయన కళ్ళముందు తిరిగింది. డ్రైవర్ల లైసెన్సులు, మేస్త్రీల తాపీలు, గొర్రెలు కాసిన కర్ర. వంటిళ్ళలో ఏళ్ళకేళ్ళు నిలబడిన ఆడమనుషులవి ఏవి? వాళ్ళు తెచ్చిందంతా ఇళ్ళలో ఖర్చయిపోయింది. షబీనాను పెట్టడానికి ఆ వెలుతురు పడే చోటు కంటే మంచిచోటు ఎక్కడుంది? అక్కడుంటే ఆమె ఎక్కడికీ పోదు. తను పోయాక కూడా.

"ఒకటుండాదమ్మా," అన్నాడు. "శుక్రవారానికి ముందు తెస్తా."

సాయంత్రం అన్నం పెడుతుంటే పీరమ్మే తీసింది మాట. వినికిడి తక్కువని ఊరంతా అనుకుంటుంది కానీ, తనకు కావలసింది ఆమెకు ఎప్పుడూ వినబడుతుంది.

"అద్దాల్లో పెడతానంటివా?"

"అవునత్తా."

"నీ పెండ్లాం, నీ ఇష్టం. నేను కాదనను." ముద్ద కలిపింది. "కానీ నాయనా, ఆ ముడి వేసింది నేను. విప్పాల్సిందీ నేనే. విప్పకుండా నువ్వు తాళమేస్తే నా బిడ్డ దావలోనే ఉండిపోతాది. ఎండన పడి, ఎవురూ లోపలికి రమ్మనకుండా."

"విప్పితే ఇంగేం మిగుల్తాదత్తా నాకు?"

ఆ మాట అనాలని ఆయన అనుకోలేదు. పీరమ్మ తలెత్తి చూసింది. కంటి పొరలతో ఆ చూపు ఎంత దూరం పోతుందో తెలియదు కానీ, ఆయన మొహం మీద చాలాసేపు ఆగింది.

"చారు పొయ్యి నాయనా," అంది చివరికి. "చల్లారిపోతాండాది."

గురువారం పొద్దున అబూబకర్ డబ్బా పట్టుకుని గోదాముకు పోయాడు. సుప్రజ తెల్లటి గుడ్డ పరిచి ఉంచింది. డబ్బా మూత తీసి, ఆకుపచ్చ గుడ్డను తన చేత్తోనే దానిమీద పెట్టాడు. పై అద్దంలోంచి ఎండ సరిగ్గా ముడిమీద పడింది. అందంగా ఉంది. కాదనడానికి లేదు. సుప్రజ అద్దపు మూత దించి, చిన్న తాళం వేసి, చెవి ఆయన చేతిలో పెట్టింది. "ఇది మీ దగ్గరే ఉండనీండి సార్."

తాళం పడిన చప్పుడు చిన్నదే. కానీ ఆ చప్పుడు ఆయన జీవితమంతా విన్నది. రోజూ సాయంత్రం ఈ గోదాముకు తాళం వేసి, లాగి చూసి, ఇంటికి పోయేవాడు. మిల్లు ఆసామి మొదటిరోజే ఒక మాట చెప్పాడు. గోదామంటే సరుకు దాచేచోటు కాదబ్బయ్యా, దించుకునేచోటు, వచ్చింది పోతేనే ఇంకోటి వస్తుంది, పోకుండా నిలిచిన మూటకు బూజు పడుతుంది, దాని పక్కనున్న మంచి మూటలకూ పడుతుంది. అది నిజమేనని ఆయన ఎన్నో మూటలు విప్పి చూశాడు. నిలిచిపోయిన మూటను ఒక మూలకు తోసి, ఇంకా బాగానే ఉందిలే అనుకునే గుమాస్తాలుంటారు. తను అట్లాంటివాడు కాడు.

అద్దంలో ఎండ మెల్లగా జరిగి ముడిని దాటిపోయింది.

"అమ్మా సుప్రజా," అన్నాడు. "ఒక్క గడియ దీన్ని బయటికి తీస్తా. ఏమనుకోవాకు."

ఖాసిం వలికి ఫోన్ చేశాడు. "మా అత్తను ఎక్కించుకుని రా. ఎందుకని అడగొద్దు."

"నేనెందుకు అడుగుతా? ఆమే అడుగుతాది. నా చెవులు కోసేస్తాది," అన్నాడు ఖాసిం వలి. అయినా చాలా తొందరగానే వచ్చాడు.

ఆటో దిగిన పీరమ్మ అరుగు బండలను కర్రతో తట్టి చూసుకుంది. ఆ బండలు ఆమెకు గుర్తే. అల్లుడి చేతిలో గుడ్డను చూసింది. కర్ర పక్కన పెట్టి, ఖాసిం వలి భుజం పట్టుకుని, గోదాము గడప దాటి లోపలికి పోయి, వెనక్కి తిరిగి నిలబడింది. ఇంట్లో నిలబడినట్టే. అబూబకర్ గడప బయట ఎండలో నిలబడ్డాడు. కుడిచేతి మీద గుడ్డ పరుచుకుని, ఆ చేతిని లోపలికి చాపాడు.

"వచ్చినావా?" అంది పీరమ్మ. అది అల్లుణ్ణి అడిగింది కాదని అందరికీ తెలుసు.

ముడి ఊడలేదు. ఆమె వేళ్ళు ఎప్పటివో, ముడి ఎప్పటిదో. గోటితో గీకింది. గుడ్డను కంటిదాకా ఎత్తుకుంది. "ఏ ముండ కట్టిందో ఇంత గట్టిగా!" అని తననే తిట్టుకుంది. "పండ్లుంటే పంటితో లాగేదాన్ని. పండ్లు యాడుండాయి?" ఖాసిం వలి తన పండ్లిస్తానన్నాడు. "నీ బీడీ పండ్లు నాకొద్దు," అంది. సుప్రజ తన జడలోంచి పిన్ను తీసి ఇచ్చింది. కొన పెట్టి మెల్లగా కదిలిస్తే, మడతలో మడత వదులై, ముడి విడింది. బిళ్ళ జారి కడప బండ మీద పడి ఖంగుమంది. దొర్లి దొర్లి లోపలికే పోయింది.

పీరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అబూబకర్ అప్పుడు గడప దాటి, వంగి, బిళ్ళను వెతికి తీశాడు. పది రూపాయలది. వంగినవాడు వెంటనే లేవలేకపోయాడు. ఎవరూ తొందరపెట్టలేదు. స్టేషనులో ఏదో బండి వచ్చి, ఆగి, పోయేదాకా అట్లే ఉన్నాడు.

ఎదుటి టీ కొట్టు సుబ్బలక్ష్మమ్మ దగ్గరికి ఆయనే స్వయంగా పోయాడు. బిళ్ళ ఆమె చేతిలో పెట్టి, "చక్కెర," అన్నాడు. ఎప్పటినుంచో ఆ అరుగును చూస్తున్న మనిషి. ఆయన మొహం చూసింది, గడప లోపలున్న ముసలమ్మను చూసింది. కాగితంలో చక్కెర పోస్తూ ఉంది, పోస్తూనే ఉంది. బిళ్ళ గల్లాపెట్టెలో పడింది. ఆయన వెనక్కి తిరగకముందే, రైలు దిగివచ్చిన ఎవరికో టీ చిల్లరలో అది మళ్ళీ బయటికి వచ్చింది. అబూబకర్ చూశాడు. ఆ మనిషి దాన్ని జేబులో వేసుకుని బస్టాండు వైపు నడిచిపోయాడు.

చక్కెర పీరమ్మే పంచింది. రంగులేసేవాళ్ళకు, కరెంటు పనివాళ్ళకు, ఖాసిం వలికి రెండుసార్లు. "మీ చిన్నమ్మ వాటా గూడా తిను," అంది.

అబూబకర్ వంతు అరచేతిలో పోసినప్పుడు ఆయన ముందు తినలేదు. తర్వాత తిన్నాడు. తీపిగానే ఉంది.

హాలులో సుప్రజ ఆకుపచ్చ గుడ్డను తెల్లగుడ్డ మీద పరుస్తోంది. ముడి పోయింది. ముడి ఉన్నచోట గుడ్డ నలిగి, నడుమ బిళ్ళంత గుండ్రటి గుర్తు, చుట్టూ మడతలు. చుట్టూ రంగు వెలిసినా, ముడి లోపలి పచ్చదనం మాత్రం కొత్తగా ఉంది. ఆమె వేలితో ఆ మడతలను మెల్లగా సాపు చేయబోయింది.

"వద్దమ్మా," అన్నాడు అబూబకర్, పెదవి మీద చక్కెర తుడుచుకుంటూ. "నలగనీ. ఇస్త్రీ చేసినవి ఇంట్లో శానా ఉండాయి."

ఆమె చేయి తీసేసింది. గడప దగ్గర రాలిన చక్కెర కోసం అప్పుడే చీమలు బండల సందుల్లోంచి బారులు తీరి వస్తున్నాయి. చీపురు పట్టుకుని వచ్చిన మనిషిని ఆయన చేయి చూపి ఆపాడు.